ఆ చిన్న జెండా నొక్కండి

కోర్టు వీధికి రెండు సందుల అవతల, మిద్దె మీద ఒక గది, దాని వెనక చిన్న వసారా. మధ్యాహ్నం. అత్త ఇప్పుడే మెట్లెక్కి వచ్చింది. మేనకోడలు తలుపు తీసింది.

"ముందు కూర్చో అత్తా. ఆ రొప్పు తగ్గనీ."

"కూర్చోడానికి వచ్చానా? ఇదిగో, నా ఫోన్‌లో చూడు. తిరిగొచ్చింది."

"ఏది?"

"ఏదేమిటే! మీ మామయ్య వీడియో. పోయిందన్నారు, ఇక రాదన్నారు, మర్చిపొమ్మన్నారు. పొద్దున్నే లాయరమ్మ ఫోన్ చేసి, మళ్ళీ కనబడుతోంది చూసుకో అంది. నమ్మలేదు. నొక్కి చూశాను కదా, మీ మామయ్యే! పంపుహౌస్ గేటు ముందు, ఆ నీలం చొక్కాలో. మోచేతి దగ్గర నేను వేసిన కుట్టుతో సహా కనబడుతోంది. ఏం, నువ్వు చూడలేదా?"

"చూశాను."

"చూసి నాకొక్క మాట చెప్పలేదా?"

"చెబుదామనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా! ఇలాంటి కబురు ఎవరైనా అనుకుంటూ కూర్చుంటారా? నీ మొహం చూడు, ఏదో పోగొట్టుకున్నదానిలా. కాస్త నవ్వు."

"నవ్వుతున్నాగా."

"అదా నవ్వు? పన్ను నొప్పిలా ఉంది. అవునూ, పనిలోకి పోలేదేం?"

"సెలవు పెట్టాను. ఇవాళ కోర్టు కదా."

"మొన్న జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే సెలవివ్వని వాళ్ళు ఇవాళ ఇచ్చారా? సరేలే, మంచిదే. మెళ్ళో ఆఫీసు కార్డేది? స్నానానికి కూడా తియ్యవు కదా దాన్ని."

"బ్యాగులో ఉంది. అత్తా, టీ పెడతాను, తాగుతావా?"

"పెట్టు. ఇవాళ టీ సయిస్తుంది."

"నువ్వెందుకు కోర్టులో లేవు? కేసు పిలవలేదా?"

"లాయరమ్మే బయటికి పంపేసింది. నువ్విలా ఎదురుగా కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఒక్క సెక్షనూ గుర్తుకు రాదమ్మా, ఎక్కడికైనా పో, నేనే ఫోన్ చేస్తాను, అంది. ఎక్కడికి పోతాను? నీ గది దగ్గర కదా."

"ఏం చెప్పింది? సరిగ్గా ఏం జరుగుతుందంది?"

"భోజనాలకి లేచే ముందు జడ్జిగారికి ఒకసారి చూపిస్తుందట. భోజనాలయ్యాక కోర్టు కంప్యూటరు మనిషి వస్తాడట. ఇది అసలుదే, ఫలానా తారీఖున ఎక్కించిందే, అని అతను చూసి సంతకం పెట్టాలి. పెట్టాడా, ఇక అది సాక్ష్యం. అప్పుడు జడ్జిగారు పోలీసుల్ని అడుగుతారు. మేం తీసుకెళ్ళలేదు, మోటారు సామాను ఎత్తుకుని వాడే పారిపోయాడు అని రాసిచ్చారే, మరి మీ బండిలో ఉన్నదెవరు, తెచ్చి నా ముందు నిలబెట్టండి, అని. నిలబెట్టాల్సిందే. తప్పదు."

"అంటే భోజనాలయ్యేదాకా ఆ వీడియో అక్కడ ఉండాలి."

"ఉంటుంది. ఎక్కడికి పోతుంది?"

"లేదూ, ఒకవేళ ఏమైనా... వేరేవాళ్ళ ఫోన్లలో కాపీలున్నాయి కదా, అవి?"

"ఆ ముచ్చట పోయినసారి అయ్యిందిగా. నువ్వు రాలేదు. కాపీ చూపిస్తే ఎదుటి లాయరు పడీపడీ నవ్వాడు. ఈ రోజుల్లో ఎవరి మొహం ఎవరికైనా అతికిస్తున్నారు సార్, కావాలంటే నా మొహం ఏనుగుకి పెట్టి తెస్తాను సాయంత్రానికి, అన్నాడు. ఏనుగుకి తేడా తెలిసేది కాదులే. కానీ జడ్జిగారు కూడా తలూపారు. కాపీ చెల్లదట. ఎక్కించిన చోటనే, ఎక్కించిన తారీఖుతోనే కనబడాలట. తీసిన ఫోనేమో పోలీసుల దగ్గరే ఉండిపోయింది. వీడియో తీసిన మా వీధి సెలూన్ అన్నయ్య తన ఫోన్ అడగడానికి వెళ్తే, ఏ ఫోనూ, అన్నారట."

"ఆ వీడియోల కంపెనీకి కోర్టు నోటీసు పంపింది కదా? ఎందుకు తీసేశారో చెప్పమని."

"పంపింది. జవాబు కూడా వచ్చింది. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని."

"కోర్టుకా?"

"కోర్టుకే! పైగా కింద అయిదు నక్షత్రాలు, మా సేవ ఎలా ఉందో చెప్పండీ అని. లాయరమ్మ దాన్ని అచ్చు తీయించి జడ్జిగారికి ఇచ్చింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, దీని మీద సంతకం ఎవరిదమ్మా అని అడిగారు. ఎవరిదీ కాదు. పోనీ ఆ ఆఫీసు ఎక్కడా అంటే, సముద్రం అవతల. నేను లేచి చెబుదామనుకున్నాను. ఇక్కడే ఉందండీ, బస్టాండు వెనక అద్దాల మేడ, మా ఆడపడుచు కూతురు అక్కడే చేస్తుంది, అని."

"చెప్పలేదు కదా?"

"లాయరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది."

"బతికించింది. అది వాళ్ళ ఆఫీసు కాదత్తా. ఎన్నిసార్లు చెప్పాను? వాళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకున్నవాళ్ళది. మా జీతం కాగితం మీద వాళ్ళ పేరే ఉండదు. బయట ఆ పేరు ఎత్తనని సంతకం పెట్టించుకున్నారు."

"మీ మామయ్యదీ అంతేగా. నీళ్ళు ఊరివి, పంపులు ఏదో కంపెనీవి, మనిషేమో కాంట్రాక్టరు మనిషి. నీళ్ళలో కలిపే మందు అయిపోయింది బాబూ, పిల్లలు వాంతులు చేసుకుంటున్నారు అని ఎవరి దగ్గరికెళ్ళినా పక్కవాణ్ణి చూపించడమే. తిరిగి తిరిగి ఆ మనిషి చెప్పులరిగాయి గానీ ఒక్కడూ నాది అనలేదు. చివరికి గేటు ముందు నిలబడి జనానికే చెప్పాడు. నీళ్ళు కాచుకు తాగండమ్మా, అని. అదీ ఆయన చేసిన నేరం. గంట తిరక్కుండా బండి వచ్చింది. అప్పుడు మాత్రం భలే దొరికారు అందరూ."

"ఊ."

"అవునే, నువ్వక్కడ చేసేదేంటి అసలు? ఎప్పుడూ చెప్పవు."

"చెప్పడానికేముంది. రెండు మీటలు. ఉంచు, తీసెయ్. మా ముందు వీడియోలు పడుతుంటాయి. రంగుండదు, మాటుండదు."

"మాటుండదా?"

"రోజంతా అవే చూస్తే బుర్ర పాడవుతుందని నలుపూ తెలుపూ చేసేస్తారు, నోరు కట్టేస్తారు. వేగం మాత్రం రెట్టింపు. నలుగురు ఒకణ్ణి లాగుతున్నారు. వాడు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. అంతే కనబడుతుంది."

"ఆ తెరిచిన నోట్లోనే కదే అంతా ఉంది! మాట లేకపోతే ఎవరు మంచో ఎవరు చెడ్డో ఎలా తెలుస్తుంది?"

"అది మా పని కాదత్తా."

"సరేలే, తిట్టడానికి రాలేదు. ఇలా రా, కూర్చో. నీకో సంగతి చెప్పాలి. ఈ వీడియో ఎలా తిరిగొచ్చిందో తెలుసా?"

"...ఎలా?"

"మా వీధి వల్ల."

"వీధి వల్లా?"

"నవ్వకు మరి. ఆయన్ని తీసుకెళ్ళిన సాయంత్రం సెలూన్ అన్నయ్య ఇది ఎక్కించగానే అందరూ చూశారు. అయ్యో అన్నారు. అయ్యో అంటే సరిపోతుందా? అప్పుడు మూడో ఇంటి కుర్రకోడలు చెప్పింది, పిన్నీ, కింద చుక్కలున్నాయి చూడు, అవి నొక్కితే చిన్న జెండా బొమ్మ వస్తుంది, అది నొక్కితే పైవాళ్ళకి ఫిర్యాదు వెళ్తుంది, అని. నొక్కాను. ఏం జరిగిందీ అని అడిగింది. కింద బోలెడు రాసుంది. అందులో 'హింస' అని ఉంది. హింసే కదా జరిగింది? ఒక్క ముక్క అబద్ధం ఆడక్కర్లేదు. హింస అని నొక్కాను. వెంటనే జవాబు. 'మీ ఫిర్యాదు అందింది. పరిశీలించి చర్య తీసుకుంటాం. ధన్యవాదాలు.' ఇన్నాళ్ళలో నాకు ధన్యవాదాలు చెప్పింది అదొక్కటేనే అమ్మడూ. స్టేషన్లో అయితే కూర్చోమని కూడా అనలేదు."

"అత్తా..."

"విను. అప్పుడు నేనూ అన్నయ్యా బయల్దేరాం. ఒక్క గడప వదల్లేదు. నాతో మాట్లాడని వాళ్ళింటికి కూడా వెళ్ళాను, ఆ చివరింటామె, గోడ దగ్గర గొడవైందే, ఆవిడ కూడా నొక్కింది. నొక్కి, నా భుజం మీద చెయ్యేసింది. ఫోన్ పట్టుకోవడం రాని ముసలమ్మలకి అన్నయ్యే వేలు పట్టుకుని నొక్కించాడు. పడుకునేసరికి వీధి వీధంతా నొక్కేసింది. ఇక తెల్లారితే చర్యే, అనుకున్నాం."

"తెల్లారేసరికి వీడియో లేదు."

"లేదు. ఎవరో పెద్దవాళ్ళు తీయించేశారు. ఇంకొక్క పూట ఉండనిచ్చి ఉంటే మన ఫిర్యాదులు చేరేవే. అందుకే కదా అంత హడావిడిగా తీయించారు, పాపిష్టివాళ్ళు. కానీ చూడు, నొక్కిన నొక్కుడు ఊరికే పోలేదు. ఆలస్యమైనా చేరింది. ఇవాళ తిరిగి పెట్టారు. ఏమే, ఆ గ్లాసు కింద పెట్టు, ఒలుకుతోంది."

"ఏం లేదు. వేడిగా ఉంది."

"టీ ఇంకా పొయ్యి మీదే ఉంది కదే. అవి చల్ల నీళ్ళు."

"అత్తా, ఇవాళ... ఇవాళ కూడా నొక్కారా?"

"నొక్కకుండా వదుల్తామా! లాయరమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచీ అన్నయ్య అదే పని మీదున్నాడు. షాపు మూసేశాడు పాపం. గడ్డం సగం గీసినవాణ్ణి కూడా లేపి, ముందు ఇది నొక్కు అన్నాడట. ఈసారి మా వీధొక్కటే కాదు. వెనక వీధి, పంపుహౌస్‌లో పనిచేసేవాళ్ళు, పిల్లల్ని ఆస్పత్రిలో పెట్టుకున్న తల్లులు. భోజనాల వేళకి..."

"ఆపమను."

"ఏంటీ?"

"ఆపమను అత్తా. ఇప్పుడే. ఫోన్ చెయ్."

"ఎందుకూ?"

"చెయ్, చెప్తాను."

"ముందు చెప్పు. జనం మన కోసం ముందుకొస్తుంటే వద్దంటావా?"

"అదీ... ఒకేసారి ఇంతమంది నొక్కితే బావుండదు. డబ్బులిచ్చి నొక్కించారంటాడు ఎదుటి లాయరు. జనాన్ని ఉసిగొల్పారంటాడు. ఏనుగు సంగతి చెప్పినవాడు ఇది వదుల్తాడా?"

"డబ్బులా? నా దగ్గరా? వాడి మొహం."

"వాడి మొహమే. కానీ జడ్జిగారు తలూపుతారు కదా. నా మీద ఒట్టు. చెయ్యి."

"ఒట్లెందుకే... చేస్తున్నాను, ఉండు. నీకు ఎప్పుడూ భయమే. మీ అమ్మా ఇంతే, ఉరిమితే కిటికీలు మూసేది. ఆ... అన్నయ్యా! నేనే. ఎక్కడున్నావు? ఇదిగో, మా అమ్మడు ఏదో అంటోంది, నొక్కడం ఆపాలట. నాకు తెలీదు, నువ్వే అడుగు. ఇంద, నువ్వే చెప్పుకో."

"ఇలా ఇవ్వు. అత్తా, వసారాలో టీ పొంగిపోతుందేమో చూడవా? అలాగే బిస్కట్లు కూడా ఉన్నాయి, ఆ పై డబ్బాలో. వెతకాలి."

"చూస్తున్నాను, చూస్తున్నాను. నా ఇంట్లో కూడా ఇంతే, పొయ్యి దగ్గరికి నన్నే తోలుతారు."

"బాబాయ్, నేను. మాట్లాడకుండా విను."

"అమ్మడూ! ఎంతమంది నొక్కారో తెలుసా? ఆస్పత్రి వార్డు మొత్తం..."

"ఆపెయ్ బాబాయ్."

"ఆపడమేంటి, ఇప్పుడే కదా ఊపందుకుంది!"

"ఆ జెండా దేనికనుకుంటున్నావు?"

"పైవాళ్ళకి చెప్పడానికి. ఇక్కడ అన్యాయం జరిగింది, వచ్చి చూడండీ అని."

"కాదు. ఈ వీడియో చెడ్డది, మా కంటికి కనబడకుండా తీసెయ్యండీ అని చెప్పడానికి."

"ఛ, ఊరుకో."

"నిజం. హింస అని నొక్కారు కదా, ఆ హింస ఎవరు చేశారని అది అడగదు. హింస ఉన్న వీడియో అని రాసుకుంటుంది. కొంతమంది నొక్కేదాకా చూస్తుంది. ఆ లెక్క దాటితే ఇక మనిషి చూడక్కర్లేదు, యంత్రమే తీసేస్తుంది."

"మరి చర్య తీసుకుంటాం అంటుందిగా?"

"అదే చర్య."

"తీసెయ్యడమా?"

"అవును బాబాయ్."

"అయితే మొదటిసారి... అది పోలీసులు తీయించింది కాదా?"

"వాళ్ళు అడిగారో లేదో నాకు తెలీదు. అడగాల్సిన అవసరం లేకపోయింది."

"ఓరి దేవుడా. అమ్మడూ, నా చేత్తో... ఆ ముసలివాళ్ళ వేళ్ళు పట్టుకుని నా చేత్తో నొక్కించానే. మీ అత్త కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా తిరిగింది ఆ రాత్రి. ఆయన్ని మేమే..."

"ఇప్పుడు కాదు బాబాయ్. ఏడవకు. నడిరోడ్డు మీదున్నావా? నడుస్తూ మాట్లాడు. అత్తకి ఇది తెలీకూడదు. ఎప్పటికీ. తెలిస్తే బతకదు."

"చెప్పను. చచ్చినా చెప్పను. కానీ ఇవాళ తిరిగొచ్చిందిగా? ఎలా వచ్చింది మరి?"

"లాయరమ్మ కంపెనీకి మళ్ళీ చూడమని అర్జీ పెట్టింది కదా, అది మా పక్క సీటు అమ్మాయి ముందు పడింది. పంపుహౌస్ గేటు చూసి గుర్తుపట్టి నన్ను చూసింది. నేనెప్పుడూ దాని చెవిలో అదే గోల కదా. అది లేచి బాత్రూంకి వెళ్ళింది. నేను దాని కుర్చీలో కూర్చుని 'ఉంచు' నొక్కాను."

"మంచి పని చేశావు తల్లీ!"

"మన వాళ్ళ వీడియో మనం ముట్టకూడదు బాబాయ్. పైన కెమెరాలుంటాయి. నిన్న సాయంత్రం ఇద్దరి కార్డులూ లాక్కున్నారు."

"అంటే ఉద్యోగం... ఆ అమ్మాయిది కూడానా?"

"ఆ అమ్మాయిది కూడా. ఇంట్లో పనిచేసేది అదొక్కతే. అది తర్వాత. ఇప్పుడు సంగతేంటంటే, రెండోసారి తీస్తే దానికి ముద్ర పడుతుంది. ఇక ఎవరు ఎక్కించినా యంత్రం గుమ్మంలోనే ఆపేస్తుంది. అర్జీ తీసుకోరు. లోపల నొక్కడానికి ఈసారి నేనూ లేను."

"లెక్క ఎంతలో ఉంది? ఇంకా ఎంతమంది నొక్కితే...?"

"తెలీదు. ఇంకా వందమందో, ఇంకొక్కరో. అది ఎంతో మాకు కూడా చెప్పరు."

"పరిగెడుతున్నాను. ఇంటింటికీ నేనే వెళ్ళి... ఏం చెప్పను వాళ్ళకి?"

"ఏదో ఒకటి చెప్పు. కోర్టు వద్దందని చెప్పు. అత్త వస్తోంది. ...అవును బాబాయ్, అదే, ఎదుటి లాయరుకి అవకాశం ఇవ్వకూడదు కదా. సరే. ఉంటాను."

"ఏమన్నాడు?"

"ఆపుతానన్నాడు."

"నీ మాటంటే వేదం ఆయనకి. నేను చెప్తే ఇంకో గంట వాదించేవాడు. బిస్కట్లు ఏ డబ్బాలోనూ లేవే. ఖాళీ డబ్బాలన్నీ వరసగా పేర్చి పెట్టావు. తింటున్నావా అసలు?"

"తింటున్నా. లాయరమ్మకి కూడా ఒకసారి ఫోన్ చేద్దామా అత్తా?"

"లోపల ఫోన్ మోగితే బంట్రోతు లాక్కుంటాడట. కట్టేసి ఉంటుంది. తనే చేస్తానంది కదా. టీ తాగు. తాగి ఒక పని చెయ్. నువ్వు వీడియోలు మాట లేకుండా చూస్తానన్నావే, ఇప్పుడు మాటతో చూడు. మీ మామయ్యని విను. పెట్టు."

"తర్వాత చూద్దాం."

"తర్వాతెందుకు? పెట్టు. సౌండు పెంచు... ఆ. చూశావా, ఇక్కడ నీళ్ళు కాచుకోమంటున్నాడు. అందరూ ఉన్నారు చూడు వెనక. ఇప్పుడు బండి వస్తుంది. అదిగో. చొక్కా పట్టుకున్నాడు కదా వాడు, వాడే స్టేషన్లో నాతో, మీ ఆయన మొహం కూడా నేను చూడలేదమ్మా అన్నది. ఇప్పుడు విను. తల లోపలికి తోస్తున్నారు, ఇంకా అరుస్తూనే ఉన్నాడు. వినబడిందా?"

"పంపు... పంపు అంటున్నాడు."

"'పంపు ఆన్‌లోనే ఉంది, ఎవరైనా వెళ్ళి ఆపండి, ట్యాంకు పొంగిపోతుంది' అని. అంతే, తలుపేశారు. నాలుగు చేతులు మీదపడుతుంటే ఆ మనిషికి ట్యాంకు గోల! నన్ను పిలవచ్చుగా? నేను అక్కడే ఉన్నాను, గుంపు వెనకాల. ఒక్కసారి ఇటు చూడచ్చుగా? ఇంటికి రానీ, అడుగుతాను. నాకంటే ఆ ట్యాంకు ఎక్కువైందా నీకు, అని."

"ఎవరు ఆపారత్తా పంపు?"

"ఎవరూ ఆపలేదు. రాత్రంతా పొంగింది. గేటు బయటికి, రోడ్డు మీదికి. ఏమే, ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడవకే పిచ్చిదానా. నేనే ఏడవట్లేదు చూడు. నాకు తెలుసు ఆయన బతికే ఉన్నాడు. ఎక్కడో మూల కూర్చోబెట్టి ఉంటారు. చిక్కిపోయి ఉంటాడు. జడ్జిగారు ఒక్క మాటంటే తెచ్చేస్తారు. అదిగో, నా ఫోనే మోగుతోంది. లాయరమ్మా?"

"కాదు, బాబాయ్. నేను మాట్లాడతాను. ఆ, చెప్పు బాబాయ్... అందరూనా? ఆస్పత్రి వాళ్ళు కూడా?... నిజంగా?... ఇంకా కనబడుతోంది, ఇప్పుడే చూశాం. అవును, ఉంది. ఉంది బాబాయ్. సరే."

"ఏమంటాడు?"

"ఆగిపోయారట. ఒక్కరు కూడా నొక్కట్లేదట."

"పాపం ఎంత పరిగెత్తాడో, ఆయాసం ఇక్కడిదాకా వినబడుతోంది. ఇప్పుడు నవ్వావు చూడు! ఇదీ నవ్వంటే. అదే ఇందాక నవ్వుంటే నీ సొమ్మేం పోయేది?"

"ఏమీ పోయేది కాదత్తా."

"మళ్ళీ మోగింది. ఈసారి లాయరమ్మే. నువ్వు మాట్లాడకు, నేనే. హలో, అమ్మా? చెప్పమ్మా... చూశారా? మొత్తం చూశారా? మాటతోనేనా?... అమ్మడూ, జడ్జిగారు చూశారట! రెండుసార్లు చూశారట, సొంత ఫోన్‌లో పెట్టుకుని!"

"స్పీకర్ పెట్టు అత్తా."

"ఆగవే... కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారా? అయ్యో, పుణ్యాత్ముడు... ఆ చొక్కా పట్టుకున్నవాడు అక్కడే ఉన్నాడా? జడ్జిగారు వాడివైపు చూస్తే తల దించుకున్నాడా?... అమ్మడూ, విన్నావా, వాడు తల దించుకున్నాడట! ఇక ఆ కంప్యూటరు మనిషి రావడమే తరువాయి అట. తిరిగొస్తాడే మీ మామయ్య, నాకు ఇప్పుడే కాళ్ళలో బలం..."

"అత్తా, వీడియో ఇంకా కనబడుతోందా అని అడుగు."

"కనబడకేం, ఆయనే చూశారంటుంటే! ...ఏంటమ్మా? సరిగ్గా వినబడలేదు, మళ్ళీ చెప్పు. ఎవరు? ఆయనా? స్వయంగానా?"

"ఏమైంది? అత్తా, ఏమంటోంది?"

"నువ్వు అనవసరంగా భయపడి అందర్నీ ఆపించావు గానీ, చూడు! జడ్జిగారికి కడుపు రగిలిపోయిందట. ఇంత ఘోరం చూసి చేతులు ముడుచుకుని ఎలా కూర్చోను, కంపెనీవాళ్ళకి నేను కూడా చెప్తాను అని, భోజనానికి లేస్తూ లేస్తూ, అందరి ముందూ ఆయనే ఆ జెండా నొక్కారట. అంత పెద్దాయన చెయ్యి కదా, మనకి చెప్పినట్టు తర్వాత చూస్తామని చెప్పలేదట. వెంటనే చర్య తీసుకున్నాం, ధన్యవాదాలు, అని జవాబొచ్చిందట!"